‘నాకు సైట్ ఉన్నది’ – దీన్ని ఇంగ్లిష్‌ల ఎట్ల చెప్పాలె?

నయీంనగర్_పోరడు:
మన వరంగల్ దిక్కు అందరి నోట్ల ఉన్న మాటే: ‘నాకు సైట్ ఉన్నది’, ‘పిల్లకు సైట్ వచ్చింది’, ‘సైట్ పెరిగింది’. ఇప్పుడు బయటి దేశంల చదువు కోసం ఒక ఆరోగ్య ఫారం ఇంగ్లిష్‌ల నింపాలె. అందుల కంటిచూపు గురించి రెండు లైన్లు రాయమన్నరు. ‘ఐ హావ్ సైట్ సిన్స్ నైన్త్ క్లాస్’ అని రాస్తే నడుస్తదా?

రెండో డౌట్. దూరం బోర్డు కనవడది, పుస్తకం మంచిగనే కనవడ్తది. అంటే దూరం సైట్. ఇంగ్లిష్‌ల లాంగ్ సైట్ అనాలె కదా? నెట్ల వెతికితే షార్ట్ సైట్ అని వస్తున్నది. ఏది కరెక్ట్?

చీటీ మీద ఉన్నది ఇది: కుడి కన్ను -2.25. ఎడమ కన్ను ఎస్‌పీహెచ్ -1.75, సీవైఎల్ -0.50, యాక్సిస్ 170.

జమ్మికుంట_ఇంగ్లిష్ టీచర్:
మొదటి వాక్యం ఫారంలో రాయొద్దు తమ్మీ. ఇంగ్లిష్‌లో సైట్ అంటే చూపు, చూసే శక్తి. చూడటం అనే క్రియ నుంచే ఆ మాట పుట్టింది. ‘ఐ హావ్ సైట్ సిన్స్ నైన్త్ క్లాస్’ అంటే చదివేవాడికి ‘తొమ్మిదో తరగతి నుంచి నాకు చూపు ఉంది’ అని అర్థమవుతుంది. మరి ఎనిమిదో తరగతి దాకా ఏమైందని అనుమానం వస్తుంది.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ‘సైట్ పోయింది’ దగ్గర ఉంది. లేజర్ చేయించుకుని అద్దాలు తీసేసిన వాళ్లను మనం ‘ఆపరేషన్ తర్వాత సైట్ పోయింది’ అంటాం, అది సంతోషపు వార్త. దాన్ని మాటకు మాట పెట్టి ‘ఐ లాస్ట్ మై సైట్ ఆఫ్టర్ ది ఆపరేషన్’ అని రాస్తే, ఆపరేషన్ వికటించి గుడ్డివాడయ్యాడని అర్థం. వైద్య ఫారంలో ఇట్లాంటి వాక్యం పడితే మామూలు తలనొప్పి కాదు.

అన్నిటికన్నా తేలికగా, సహజంగా చెప్పే మాట ‘ఐ వేర్ గ్లాసెస్’. మాటల్లో ఇదొక్కటే చాలు. కారణం కూడా చెప్పాలంటే ‘ఐ యామ్ షార్ట్-సైటెడ్’. ఇది బ్రిటిష్ వాడుక. అమెరికా వాళ్లు ‘నియర్‌సైటెడ్’ అంటారు. వైద్యుల మాట ‘మయోపియా’, అది రెండు చోట్లా చెల్లుతుంది. ‘సైట్ పెరిగింది’కి ‘మై ఐసైట్ హాజ్ గాట్ వర్స్’ అనండి. ‘ఐసైట్ ఇంక్రీజ్డ్’ అంటే చూపు మెరుగైనట్టు వినబడుతుంది.

ఐసైట్, సైట్, విజన్ మూడూ ఒకటే అనుకోవద్దు. కళ్ల పనితీరు ఎట్లా ఉందో చెప్పేటప్పుడు ఐసైట్: ‘పూర్ ఐసైట్’, ‘గుడ్ ఐసైట్’. డాక్టరు కాగితాల మీద విజన్: ‘బ్లర్డ్ విజన్’, ‘డబుల్ విజన్’. చూపు అసలు ఉందా పోయిందా అనే చోట ఒంటరిగా సైట్ వస్తుంది. ఎదురుగా కనబడే దృశ్యాన్ని కూడా సైట్ అంటారు, ‘సైట్‌సీయింగ్’ అందులోంచి వచ్చిందే. రాసేటప్పుడు స్పెల్లింగ్ ఒకసారి చూసుకోండి. చూపు అయితే ఎస్-ఐ-జి-హెచ్-టి. ఎస్-ఐ-టి-ఇ అని రాస్తే జాగా. ‘నాకు సైట్ ఉన్నది’ అంటే హంటర్ రోడ్డులో ఇల్లు కట్టుకునే స్థలం ఉందన్నమాట!

లెన్స్‌మీటర్_హన్మకొండ:
రెండో డౌట్‌కు నేను చెప్త. మనోళ్లు ఎక్కువ తప్పు చేసేది ఆడనే.

మనం ఏది కనవడదో దాని పేరు పెడ్తం. దూరం కనవడకుంటే దూరం సైట్, దగ్గర కనవడకుంటే దగ్గరి సైట్. ఇంగ్లిష్‌ల ఏది కనవడ్తదో దాని పేరు పెట్టిన్రు. షార్ట్ సైట్ అంటే చూపు దగ్గరి దాకనే అందుతది, దూరం అందదు. అంటే మన దూరం సైట్ వాళ్ల షార్ట్ సైట్. సరిగ్గ ఉల్టా. మాటను తర్జుమా చేస్తే తప్పయితది, లక్షణం చూసి పేరు పెట్టాలె.

పేరు మీద నమ్మకం లేకుంటే గుర్తు చూడున్రి. మైనస్ ఉంటే షార్ట్ సైట్. చిన్న వయసుల ప్లస్ ఉంటే లాంగ్ సైట్. నలభై దాటినంక ‘యాడ్’ అని ఇంకో ప్లస్ అంకె వస్తది, అది చత్వారం. షార్ట్ సైట్ ఉన్నోళ్లకు చూపు యాడిదాక అందుతదో చిన్న లెక్క ఉన్నది. 100ను పవర్‌తోని భాగిస్తే సెంటీమీటర్లు వస్తయి. మీ కుడి కన్ను 2.25, అంటే అద్దాలు లేకుండ 44 సెంటీమీటర్ల దాక సాఫ్‌గ కనవడ్తది, అటెన్క మసక. పుస్తకం మనం పట్టుకునేది అంతకన్న దగ్గరనే, అందుకే చదువుడుకు తిప్పల లేదు.

చీటీ లేకుండ ఉత్త అద్దాలే ఉంటే: చెయ్యి చాపి పట్టుకొని, ఒక అద్దంల నుంచి తలుపు చౌకట్ నిలువు గీతను చూడున్రి. అద్దాన్ని మెల్లగ కుడి వైపు జరిపితే గీత కూడ కుడికే జరిగినట్టు కనవడితే అది మైనస్. గీత ఎడమకు ఉరికితే ప్లస్. అద్దాన్ని గడియారం ముల్లు లెక్క తిప్పితే గీత వంకర పోతే దాంట్ల సిలిండర్ ఉన్నట్టు. చీటీల ఎస్‌పీహెచ్ అంటే అన్ని దిక్కుల ఒక్కతీరుగ ఉండే పవర్, సీవైఎల్ అంటే ఈ సిలిండర్, ఒక దిక్కుకే ఉండే పవర్. అది ఏ కోణంల ఉన్నదో చెప్పేది యాక్సిస్.

ఇంకో మాట. ఫోన్ల పవర్ చెప్పేటప్పుడు ‘రెండుంపావు’ అని ఊకుంటరు. మైనసా ప్లస్సా చెప్పరు. ‘సెవెంటీ ఫైవ్’ అంటరు, అది 0.75 అని అవతలోడు ఊహించుకోవాలె. పైంగ ‘లాంగ్ సైట్’ అని ఇంగ్లిష్ మాట తోడు చేస్తే ప్లస్ లెన్స్ వస్తది. మైనస్ 2.25 కావాల్సిన కంటికి ప్లస్ 2.25 పెడితే తేడా నాలుగున్నర పవర్, ఎదురుంగ మనిషి మొఖం గూడ ఆనది. గుర్తు, అంకె, ఏ కన్ను: మూడు చెప్పాలె. చీటీ ఫొటో పంపుడు ఇంకా మంచిది.

నయీంనగర్_పోరడు:
మస్తు క్లియర్ అన్నా. గని ఇంకో చోట కొత్తగ చూపిచ్చిన చీటీల ఎడమ కన్నుకు -2.25, +0.50, 80 అని రాసిన్రు. పాత చీటీకి దీనికి పొంతన లేదు. ఏది తప్పు?

లెన్స్‌మీటర్_హన్మకొండ:
ఏదీ తప్పు కాదు, రెండు ఒక్కటే అద్దం. రాసే పద్ధతి తేడా. ఎస్‌పీహెచ్‌ల సీవైఎల్ కలుపున్రి: -1.75కు -0.50 కలిపితే -2.25. సీవైఎల్ గుర్తు మార్చున్రి: +0.50. యాక్సిస్‌కు 90 తేడా పెట్టున్రి: 170 నుంచి 80. అంతే. యాక్సిస్ 180 మించదు. 90 కలిపితే 180 దాటేటట్టుంటే తీసెయ్యాలె. అద్దాల దుకాణాలల్ల ఎక్కువ మైనస్ సిలిండర్ పద్ధతిలనే రాస్తరు. ఫారంల పాత చీటీ అంకెలే ఎక్కియ్యున్రి. రెండు చీటీలు కలిపి ఒక వరుస ఈడికెళ్లి, ఒక వరుస ఆడికెళ్లి తీసుకుంటే మాత్రం తప్పు అద్దం తయారైతది.

ప్రూఫ్ కాగితం:
టీచర్ గారు చెప్పింది ఇంగ్లిష్ ఫారం వరకు సరే. కానీ ‘సైట్ ఉంది’ తెలుగులో తప్పు వాడుక అని ఎవరైనా అంటే ఒప్పుకోను. ‘బీపీ ఉంది’, ‘షుగర్ ఉంది’, ‘థైరాయిడ్ ఉంది’ అనే మాటలు చూడండి. బీపీ లేని మనిషి బతకడు, థైరాయిడ్ గ్రంథి అందరి మెడలోనూ ఉంటుంది. కొలిచే వస్తువు పేరే జబ్బు పేరుగా నిలబడటం మన వాడుకలో ఉన్న పద్ధతి. సైట్ కూడా ఆ వరుసలోదే. ‘షార్ట్ సైట్’లో ముందు మాట రాలిపోయి వెనక మాట మిగిలినట్టు నాకు అనిపిస్తుంది. ఇంగ్లిష్ వాడు మాత్రం తక్కువా? జ్వరం వస్తే ‘హీ హాజ్ ఎ టెంపరేచర్’ అంటాడు. టెంపరేచర్ లేనిది ఎవరికి?

తెలుగులో రాసేటప్పుడు చిక్కు ఇంకోచోట ఉంది. బడి పుస్తకాల్లో మయోపియాకు హ్రస్వదృష్టి, హైపర్‌మెట్రోపియాకు (లాంగ్ సైట్‌కు) దీర్ఘదృష్టి. రెండోదాన్ని కొందరు ‘దూరదృష్టి’ అని రాస్తారు. దూరదృష్టి అంటే మన భాషలో ముందుచూపు. ‘ఆయనకు దూరదృష్టి ఉంది’ అంటే మెచ్చుకోలు, అద్దాలు పెట్టుకోమని కాదు. ఇంగ్లిష్‌లోనూ ఇదే తిరకాసు: ‘ఫార్‌సైటెడ్’ అమెరికాలో కంటి దోషం పేరు, నాయకుడి విషయంలో పొగడ్త. ‘షార్ట్-సైటెడ్ డెసిషన్’ అంటే ముందుచూపు లేని నిర్ణయం. అక్కడ హ్రస్వదృష్టి అని అనువదిస్తే కంటి డాక్టరు రాసినట్టుంటుంది.

చత్వారం మాత్రం చక్కని మాట. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. ఏ వయసులో వస్తుందో పేరులోనే ఉంది. కంటిలోని కటకం వయసుతో గట్టిపడి, దగ్గరి వస్తువుల కోసం ఉబ్బలేకపోవడం దీనికి మూలం. దీన్ని లాంగ్ సైట్ అనేస్తుంటారు, కానీ దీర్ఘదృష్టి వేరు. అందులో కనుగుడ్డు పొట్టిగా ఉండటం వల్ల వెలుగు రెటీనా వెనక కలుస్తుంది, పిల్లలకూ ఉండొచ్చు. కంటి వెలుగు శిబిరాల్లో (తెలంగాణ ప్రభుత్వం పెట్టిన కంటి పరీక్షల శిబిరాలు; మొదటి విడత 2018 ఆగస్టు 15న, రెండోది 2023 జనవరి 18న మొదలయ్యాయి) అక్కడికక్కడే ఇచ్చిన అద్దాలు చత్వారానివే, చదువుకునేందుకు. వాటిని దూరం చూడటానికి పెట్టుకుంటే మసకే.

కాజీపేట_జంక్షన్:
ఇదే దారంల నాదొక ప్రశ్న. రైల్వేల అసిస్టెంట్ లోకో పైలట్ (రైలింజను నడిపే) ఉద్యోగానికి ఎ-1 మెడికల్, అంటే ఎ-1 తరగతి ఆరోగ్య పరీక్ష. నోటిఫికేషన్‌ల ‘6/6, 6/6 వితౌట్ గ్లాసెస్’ అని ఉన్నది. అద్దాలతోని 6/6 వస్తే సైట్ లేనట్టే కదా? ఫాగింగ్ టెస్ట్ అంటే ఏంది?

లెన్స్‌మీటర్_హన్మకొండ:
కాదు. 6/6 వేరు, పవర్ వేరు. మొదటి 6 అంటే మీరు నిలబడ్డ దూరం మీటర్లల్ల. కింది అంకె, మామూలు చూపున్న మనిషి ఆ వరుసను ఎంత దూరం నుంచి చదవగలడో అది. 6/12 అంటే వాళ్లు 12 మీటర్ల నుంచి చదివేదాన్ని మీరు 6 మీటర్లకు వస్తెనే చదువుతున్నరు. గది చిన్నగుంటే 3 మీటర్ల దూరంల మొఖం చూసుకునే అద్దం పెట్టి అందుల చార్ట్ చూపిస్తరు, లెక్క 6 మీటర్లే అయితది. అమెరికోళ్లు అడుగులల్ల 20/20 అంటరు, విషయం అదే.

‘వితౌట్ గ్లాసెస్’ అంటే ఉత్త కండ్లతోనే 6/6 రావాలె, రెండు కండ్లకూ వేరువేరుగ. అద్దాలు పెట్టుకుంటే వచ్చే 6/6 ఎ-1కు పనికిరాదు. నోటిఫికేషన్‌ల ‘అన్‌ఎయిడెడ్’ అని ఉన్నా అదే అర్థం.

ఫాగింగ్ ఎందుకంటే, కొంచెం ప్లస్ ఉన్న పడుచు పిల్లగాండ్లు కంటి కండరం బిగబట్టి 6/6 చదివేస్తరు, దోషం దాగి ఉంటది. అందుకని కంటి ముందట +2 లెన్స్ పెడ్తరు. కన్ను మంచిగుంటే చార్ట్ మసకబారాలె. ఆ లెన్స్‌తోని కూడ కింది వరుస సాఫ్‌గ చదివితే లోపల లాంగ్ సైట్ ఉన్నట్టు, ఫెయిల్. ‘మంచిగ కనవడ్తున్నది’ అనుడు ఫెయిల్ అయ్యే పరీక్ష ఇదొక్కటే కావచ్చు. మసక అయితే మసక అనే చెప్పున్రి.

పరకాల_చదువరి:
ఇంట్లో పెద్దవాళ్లు డెబ్బై దాటాక ‘నాకు సైట్ పోయింది, అద్దాలు లేకుండానే పేపరు చదువుతున్న’ అంటుంటారు. ఇది నిజంగా జరుగుతుందా?

లెన్స్‌మీటర్_హన్మకొండ:
అయితది, గని సంబురపడే సంగతి కాదు. దీనికి ఇంగ్లిష్‌ల పేరే ఉన్నది, ‘సెకండ్ సైట్’. కటకం నడిమిట్ల మోతిబిందు (శుక్లం) ముదురుతుంటే దాని బలం పెరిగి కన్ను మైనస్ వైపు జరుగుతది. దాంతోని దగ్గరిది అద్దాలు లేకుండ కనవడ్తది, దూరం మసకబారుతది. ఎదురుంగ వచ్చే బండ్ల లైట్లు పగిలినట్టు కనవడుతున్నయా, రంగులు పసుప్పచ్చగ ఉన్నయా అని అడగున్రి. అవునంటే కంటి డాక్టరుకు చూపియ్యాలె, పాత అద్దాలు పారేసుడు కాదు.

జమ్మికుంట_ఇంగ్లిష్ టీచర్:
పై మాటకు ఒక సవరణ. మామూలు ఇంగ్లిష్‌లో ‘సెకండ్ సైట్’ అంటే జరగబోయేది ముందే కనబడే శక్తి, సోది చెప్పేవాళ్లకు ఉందంటామే, అది. డాక్టరుతో కాకుండా మామూలు మనిషితో ‘మై గ్రాండ్‌మదర్ హాజ్ సెకండ్ సైట్’ అంటే జాతకం చెప్పించుకోవడానికి వస్తారు.

నయీంనగర్_పోరడు:
ఫారంల ఇట్ల రాస్తున్న, చూడున్రి: ‘ఐ యామ్ షార్ట్-సైటెడ్ అండ్ హావ్ వోర్న్ గ్లాసెస్ సిన్స్ ఐ వాజ్ ఫోర్టీన్. మై పవర్ ఈజ్ -2.25 అండ్ -1.75.’

జమ్మికుంట_ఇంగ్లిష్ టీచర్:
మొదటి వాక్యం బాగుంది, వయసు రాయడం మంచి పని. ‘నైన్త్ క్లాస్’ అని రాస్తే అక్కడి వాళ్లకు ఏ వయసో వెంటనే తట్టదు. రెండోదాంట్లో ‘మై పవర్’ తీసేసి ‘మై ప్రిస్క్రిప్షన్’ పెట్టండి. పవర్ అన్నది మన వాడుక, అక్కడ నీ అధికారం ఎంత అన్నట్టుంటుంది.

లెన్స్‌మీటర్_హన్మకొండ:
ఎడమ కన్ను సిలిండర్, యాక్సిస్ ఇడిసిపెట్టినవ్ తమ్మీ. కుడి ఏదో ఎడమ ఏదో కూడ రాయి.