పాప జ్ఞానస్నానానికి ఏ కేక్ చెప్పాలి?

పాప వాళ్ళమ్మ: మధ్యాహ్నం నుంచి ఫోన్‌లో కేకుల ఫొటోలే చూస్తున్నాను, తల పగిలిపోతోంది. రేపు పొద్దున్నే ఆర్డర్ ఇవ్వాలి. మా ఆయన రెండంతస్తుల ఫాండెంట్ కేక్, అదే పైన చక్కెర ముద్ద పొర పరిచేది, అంటారు. అత్తయ్యేమో తెల్ల క్రీమ్, పైన పెద్ద సిలువ ఉండాలంటారు. ఏది మంచిదో ఎవరైనా చెప్పండి.

బేకింగ్ పిన్ని: ఏ ఊరు? ఎంతమంది? ఎన్నింటికి కోస్తారు?

పిల్లల వార్డు అక్క: పాపకి ఏడాది నిండిందా? లేకపోతే ఫొటో కోసమని వేలితో క్రీమ్ నాకించకండి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏమీ వద్దు. తేనె కేక్ అయితే మరీ ప్రమాదం, ఏడాదిలోపు పిల్లలకు తేనె వల్ల బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. బంధువులు ముద్దుకొద్దీ పెట్టేస్తారు, పాపని ఎవరి చేతికీ వదలకండి.

పాప వాళ్ళమ్మ: పాపకి నాలుగో నెల అక్కా, తనకి పెట్టం. కేక్ వచ్చినవాళ్ళకి.

నెల్లూరు తమ్ముడు: జ్ఞానస్నానం కాదండీ, బైబిల్లో ఉన్న మాట బాప్తిస్మం. నమ్మి, ఒప్పుకుని, నీళ్ళలో మునిగి తీసుకునేది. మా బాప్టిస్టు సంఘంలో పసిపిల్లల్ని ప్రార్థన చేసి దేవునికి ప్రతిష్ఠ చేస్తాం, అంతే.

గుంటూరు మాస్టారు: జ్ఞానస్నానం కతోలికుల మాట. మా లూథరన్లూ బాప్తిస్మమనే అంటాం, కానీ పసిపిల్లలకీ ఇస్తాం. అపొస్తలుల కార్యములు 16 చదవండి, ఇంటివారందరూ పొందారని ఉంది.

నెల్లూరు తమ్ముడు: ఆ ఇంట్లో పసిపిల్లలున్నారని ఉందా మాస్టారూ?

బేకింగ్ పిన్ని: ఆ అమ్మాయి అడిగింది కేక్ గురించి.

పాప వాళ్ళమ్మ: తెనాలి పిన్నీ. మే రెండో ఆదివారం. పూజ అయ్యాక ఇంటి ముందు షామియానా కింద, ఒంటిగంటకి. 120 మంది. కొంతమంది గుడ్డు తినరు.

బేకింగ్ పిన్ని: ఇది కదమ్మా ముందు చెప్పాల్సింది! ఆ ఎండలో క్రీమ్ నిలబడదు. మా అన్నయ్య మనవడికి ఇలాగే చేయిస్తే, ప్రార్థన అయ్యేలోపు క్రీమ్ జారి పావురం బొమ్మ పక్కకి ఒరిగిపోయింది. ఫాండెంట్ ఫ్రిజ్‌లోంచి తీయగానే చెమటపట్టి జిగటవుతుంది. కోయడానికి కిలో తెల్ల కేక్ చాలు, ఫాదర్ గారు వచ్చి కూర్చున్నాకే బయటికి తీయండి. పంచడానికి ఐసింగ్ లేని ప్లెయిన్ కేక్ చెప్పండి. ముక్క 50 గ్రాముల చొప్పున ఆరు కిలోలు. అందులో కిలో గుడ్డు లేనిది, వేరే పెట్టెలో, వేరే కత్తితో. సిలువ మాత్రం క్రీమ్‌తో వేయించకు. దాని మీద కత్తి పెట్టాలంటే పెద్దవాళ్ళకి మనసొప్పదు. విడిగా గుచ్చేది పెట్టించి, కోసేముందు, జ్ఞానస్నానంలో పాప తరఫున నిలబడే జ్ఞానతల్లి చేత తీయించు.

గుంటూరు మాస్టారు: తమ్ముడూ, ఆ ఇంట్లో పసిపిల్లలు లేరనీ రాయలేదుగా.

పాప వాళ్ళమ్మ: సిలువ సంగతి చెప్పగానే అత్తయ్య ఒప్పేసుకున్నారు. అలాగే ఆర్డర్ ఇస్తాం. థాంక్స్ పిన్నీ, పాప లేచింది.

కొత్త సభ్యురాలు: ఆరు కిలోలకి ఎంత చెప్పారండీ? మాకు జూన్‌లో ఉంది.