చుక్కాని, పుట్టిల్లు, ఒక పాత తెరచాప పడవ

అందరికీ నమస్కారం. పాత చెక్క పడవ చేతికొస్తే అది ఎక్కడ కట్టిందో ఎలా పోల్చుకోవాలో చెప్పే వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. మూడు చోట్ల ఆగిపోయాను. సెయిల్‌బోట్‌ని ఓడ అనాలా, పడవ అనాలా? రెండోది క్లింకర్, కార్వెల్. క్లింకర్‌లో పై బల్ల అంచు కింది బల్ల అంచు మీదికి వచ్చి కూర్చుంటుంది. కార్వెల్‌లో బల్లల్ని అంచుకి అంచు ఆనించి సందుల్లో నార కూరతారు, పక్కలు నున్నగా ఉంటాయి. నేను "అతివ్యాప్త ఫలక నిర్మాణం" అని రాసి పైకి చదువుకుంటే నాకే నోరు తిరగలేదు. మూడోది, "ఆరిజిన్"కి మూలం అంటే చప్పగా ఉంది.

—

ఆ సమాసం ముందు కొట్టేయండి. ఇంటి కప్పు మీద పెంకులు పేర్చినట్టే కదా, "పెంకుల వరస" అనండి. రెండోది "అంచు కలుపు". పక్కన క్లింకర్, కార్వెల్ అని కూడా ఉంచండి, వెతుక్కునేవాళ్లకి పనికొస్తాయి.

ఓడంటే పెద్దది, పడవంటే చిన్నది అని బళ్లో చెప్పారు గానీ, "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" సామెతలో మల్లయ్య దాటించింది ఏరే, సముద్రం కాదు. అయినా ఇవాళ్టి చెవికి ఓడంటే పెద్దదే. తెరచాప పడవ అనేయండి. నావని పాటలకి వదిలేద్దాం.

—

ఎలాగూ అచ్చ తెలుగు వెతుకుతున్నారు కాబట్టి చెబుతున్నా. చుక్కాని ఎంత చక్కని మాటో చూడండి. రాత్రిపూట చుక్కని చూసి పడవని తిప్పేది కాబట్టి చుక్కాని!

—

అందంగానే ఉందండీ, కానీ నిజం కాదు. అరబ్బీలో సుక్కాన్ అంటే పడవని తిప్పే బల్ల. దాన్ని పట్టుకునేవాడు పారశీకంలో సుక్కానీ. ఇంగ్లీషువాళ్లు ఆ మనిషిని "సీకనీ" అన్నారు, వాళ్ల చెవికి అందులో సముద్రం వినబడింది మరి. మీకు చుక్క వినబడినట్టే. మన దగ్గర మనిషి పేరు పోయి పనిముట్టుకి అంటుకుంది. లంగరు, సరంగు కూడా పారశీకం నుంచి వచ్చినవే. తెరచాప మాత్రం మనదే.

శ్రీనాథుడి హరవిలాసంలో అవచి తిప్పయ సెట్టి సరుకు తెప్పించే ఓడల పేర్లు గుర్తున్నాయా? కప్పలి, జోంగు, సమ్మన్... జోంగు జావా, మలయా వైపు మాట. సమ్మన్ చీనావాళ్ల సాంపాన్. పద్యంలో ఓడ పేరు వింటే ఏ తీరపుదో తెలిసిపోతుంది.

—

పేరుతో తెలియడం పద్యంలో కుదురుతుంది, రేవులో కుదరదు. ఇండోనేసియాలో బెలితుంగ్ దీవి దగ్గర 1998లో ఒక మునిగిన ఓడ బయటపడింది. లోపల సుమారు 60,000 చీనా పింగాణీ పాత్రలు. ఒక గిన్నె మీద క్రీ.శ. 826కి సరిపోయే తేదీ కూడా ఉంది. సరుకు చూసి చీనా ఓడ అనేయొచ్చు. కానీ దాని బల్లలు మేకులతో కొట్టినవి కావు, తాడుతో కుట్టినవి. అది అరేబియా సముద్రం వైపు పనితనం. హోర్ముజ్ దగ్గర కొబ్బరి పీచు తాడుతో కుట్టిన ఓడల గురించి మార్కో పోలో కూడా రాశాడు. కాబట్టి పేరూ సరుకూ రంగూ తర్వాత, ముందు కుట్టు చూడాలి.

ఈ లెక్కన మీ మూడో మాటకి నా ఓటు "పుట్టిల్లు". పడవ వెనక చెక్క మీద రాసే రేవు పేరు మెట్టినిల్లు.

—

నా సందేహం వేసిన నేనే మళ్లీ. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ తీసుకుంటున్నా, అడిగినదానికంటే ఎక్కువే దొరికింది. వ్యాసంలో సగం తికమక దీంతో తీరింది. అమ్మినప్పుడల్లా కొత్త యజమాని వెనక చెక్క మీద తన రేవు పేరు రాయిస్తాడు, చూసినవాళ్లు అక్కడే కట్టారనుకుంటారు. బ్రిటిష్ రిజిస్టర్లో చేరిన పడవలకైతే నడిమి దూలం మీద నంబరు చెక్కి ఉంటుంది, దానితో పాత కాగితాలు వెతకొచ్చు. అమెరికాలో వెనక చెక్కకి కుడిపక్క ఉండే 12 అక్షరాల గుర్తింపు 1972 చివర్లో మొదలైంది, అంతకంటే పాత పడవకి అది ఉండదు.

ఇంకో చిక్కుంది. తెరచాప మీద బొమ్మ. అది నమూనా ఏదో చెబుతుంది గానీ కట్టినవాడెవడో చెప్పదు. స్నైప్ అనే చిన్న పడవ నమూనా 1931లో ఒక అమెరికా పత్రికలో వచ్చింది. ఆ గీతలు చూసి చాలామంది సొంతంగా కట్టుకున్నారు. పైగా తెరచాప చిరిగితే ఇంకో పడవది తెచ్చి కట్టేస్తారు. మరి ఈ గీత గీసిన చోటుని ఏమందాం?

—

అమ్మమ్మగారి ఊరు.

—

దీనికి లైక్ కొట్టకుండా ఉండలేకపోయాను. కానీ వ్యాసంలో పెట్టకండి, ఎడిటర్ ఊరుకోరు. "నమూనా పుట్టిన చోటు" అనేయండి చాలు.