చెడ్డ వార్త పైకి చేరకపోతే తప్పెవరిది: గట్టిగా చెప్పనివాళ్లదా, అడగని లీడర్‌దా?

టెస్టర్, హైదరాబాద్
సాఫ్ట్‌వేర్ రిలీజ్‌కి వారం ముందు, ఒకేసారి ఎక్కువమంది వాడితే తట్టుకుంటుందా అని చూసే మా లోడ్ టెస్ట్ ఫెయిలైంది. రిపోర్టులో రాశాం, పంపాం. తీరా కస్టమర్ దగ్గర సర్వర్లు పడిపోయాక మేనేజర్ గారు ‘నాకెవరూ చెప్పలేదు’ అన్నారు. ఇప్పుడు టీమంతటికీ కమ్యూనికేషన్ ట్రైనింగట. అది కావాల్సింది మాకా, ఆయనకా?

డెలివరీ మేనేజర్, బెంగళూరు
రిపోర్టు పంపేసి ఊరుకుంటే చెప్పినట్టు కాదండీ. ‘ఈ తేదీకి ఇవ్వలేం, కారణం ఇదీ’ అని మొదటి వాక్యంలోనే ఉండాలి. నాసా వాళ్ల అంతరిక్ష నౌక కొలంబియా షటిల్ సంగతే చూడండి. 2003 జనవరి 16న పైకి లేచిన నిమిషంన్నరలోపే ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. దానిమీద ఇంజినీర్లు తయారుచేసిన స్లైడుకు శీర్షికేమో ఫరవాలేదన్నట్టు పెట్టారు. అసలు విషయం అట్టడుగున ఉంది: తగిలిన ముక్క అంచనా 1,920 ఘనపు అంగుళాలు, పరీక్షల్లో వాడింది 3. దర్యాప్తు బోర్డు ఆ స్లైడును ప్రత్యేకంగా తప్పుపట్టింది.

సైట్ ఇంజినీర్, విశాఖ
సగమే చెప్పారు సార్. రెక్కను ఫొటోలు తీయించమని ఇంజినీర్లు అడిగారు, నాసా పైవాళ్లే వద్దన్నారు. ఒకాయన గట్టిగా మెయిల్ రాసి కూడా, పైవాళ్లను దాటి పంపడానికి జంకి ఆపేశాడు. ఫిబ్రవరి 1న తిరిగొస్తుండగా ఆ దెబ్బకే షటిల్ ముక్కలై, కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ఆ జంకు ఎవరు నేర్పారు? మా సైట్‌లో 28 రోజుల కాంక్రీటు క్యూబ్ టెస్ట్‌లో బలం తక్కువొస్తే, ల్యాబ్ కుర్రాడు కాగితం ఇచ్చే ముందు నా మొహం చూస్తాడు. అప్పుడు కసురుకున్నామా, ఇక తర్వాతి క్యూబ్ సంగతి మనదాకా రాదు.

డెలివరీ మేనేజర్, బెంగళూరు
కసరకూడదు, నిజమే. కానీ మేనేజర్ మంచివాడైనా అడుగున దాచిన అంకె ఆయనకు కనిపించదు కదా. రాసేవాళ్ల బాధ్యత నేను వదలను.

టెస్టర్, హైదరాబాద్
ముందు వాక్యంలో రాయాలన్నది ఒప్పుకుంటాను సార్. అయితే మా స్టేటస్ మీటింగ్ ‘అంతా గ్రీనే కదా?’, అంటే అన్నీ సవ్యంగానే ఉన్నాయి కదా, అన్న ప్రశ్నతో మొదలవుతుంది. పదిమంది ముందు కాదనడానికి కొత్తగా చేరినవాళ్లకు ఎంత ధైర్యం కావాలి! ‘ఏది ఆగింది, దేనికి భయపడుతున్నారు?’ అని అడిగుంటే లోడ్ టెస్ట్ సంగతి ఆ రోజే బయటపడేది. ట్రైనింగ్ లిస్టులో మేనేజర్లనూ చేర్చమని హెచ్‌ఆర్‌కి రాస్తున్నాను.