అప్‌డేట్: పొదుగువాపు వచ్చిన మేకను అమ్మలేదు

ఈనిన కొద్ది రోజులకే మా బీటల్ జాతి మేక పొదుగు ఒక పక్క రాయిలా గట్టిపడిందని, పాలలో తరకలు వస్తున్నాయని, అమ్మేయాలా ఉంచాలా అని అడిగాను. ఉంచాం.

పశువైద్యుడు పొదుగువాపేనని తేల్చి సూదిమందు, చనులోకి ఎక్కించే మందు ఇచ్చారు. ఆ పక్క పాలు పూర్తిగా పిండి పారబోయమన్నారు. అదే యుద్ధం. చెయ్యి వేస్తే కాలు లేపి గిన్నె తన్నేది. మా అత్తయ్య సుబాబుల్ రెమ్మలు చూపించి మాటల్లో పెడితేనే నిలబడేది.

వాపు తగ్గింది, ఆ పక్క పాలు మాత్రం సగానికి పడిపోయాయి. రెండో చను బాగుంది. ఇప్పుడు ప్రతి మేకకూ మొదటి ధారలు నల్లగుడ్డ మీద పిండి చూస్తున్నాను, తరక ఉంటే ఇట్టే కనబడుతుంది. జబ్బు చేసిన ఈ మేకను మాత్రం అన్నిటికన్నా చివర పితుకుతున్నాం.

పోతు (మగమేక) వాసన పట్టి పాలు వాసన వస్తున్నాయన్న గొడవ కూడా తీరింది. పోతును దొడ్డికి దూరంగా కట్టేశాం. రాత్రంతా ఒకటే అరుపు, పక్కింటివాళ్లకు కొత్త ఫిర్యాదు దొరికింది.

వానలకు ముందే చిటుక రోగం (మేకలు ఉన్నట్టుండి చనిపోయే పేగుల జబ్బు) టీకా వేయించాలి. వట్టిపోయే దశలో చనులోకి మందు ఎక్కించే పద్ధతి మేకలకు ఎవరైనా చేయించారా?