సింగపూర్‌లో ఎమ్మెస్సీ: ఆగ్నేయాసియా తీసుకోవచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నాన్యాంగ్ విశ్వవిద్యాలయంలోని రాజరత్నం స్కూల్‌లో అంతర్జాతీయ సంబంధాలు చదవడానికి విశాఖ నుంచి గత వారమే వచ్చాను. ఆగ్నేయాసియా రాజకీయాలంటే ఇష్టం. కానీ చైనా, అమెరికాల మీద పనిచేస్తేనే ఉద్యోగాలని స్నేహితులు అంటున్నారు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు: అమ్మా, సందేహం లేకుండా ఆగ్నేయాసియానే తీసుకోండి. చైనా, అమెరికాల పోటీ ఎలాగూ ప్రతి పాఠంలోనూ ఎదురవుతుంది. అది ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాకు ఒకలా, కంబోడియా రాజధాని నాంపెన్‌కు మరోలా ఎందుకు కనిపిస్తుందో విడమరిచి చెప్పగలిగినవారికే విలువ.

2012 జులైలో నాంపెన్‌లో ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ విదేశాంగ మంత్రులు సమావేశమయ్యారు. చైనాతో కొన్ని సభ్యదేశాలకు వివాదమున్న దక్షిణ చైనా సముద్రం గురించి ఏమి రాయాలన్న దగ్గర మాట కుదరలేదు. 45 ఏళ్లలో మొదటిసారి ఉమ్మడి ప్రకటన లేకుండానే లేచిపోయారు. అధ్యక్ష స్థానంలో ఉన్నది చైనాకు సన్నిహితమైన కంబోడియా. అందరూ ఒప్పుకుంటేనే అడుగు పడే సంస్థలో ఒక్క దేశం అడ్డం తిరిగినా చాలు. ఆ తర్వాతి ఏళ్ల ప్రకటనలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. ‘కొందరు మంత్రులు’ ఆందోళన వ్యక్తం చేశారని ఉంటుంది. ఆ కొందరు ఎవరు? ఆ మాట ఉండాలని పట్టుబట్టినదెవరు, పలచబరిచినదెవరు? ఈ ప్రశ్నలు మీ అంతట మీకే తోచడం మొదలైతే సిద్ధాంతాల పుస్తకాలు కూడా తేలిగ్గా అర్థమవుతాయి.

అయితే అన్ని దేశాలనూ పైపైన తడమకండి. ఒక దేశం, దాని భాష పట్టుకోండి. నన్నడిగితే ఇండోనేషియా. భాషకు రోమన్ లిపే, కాలాన్ని బట్టి క్రియారూపం మారదు. జకార్తా పత్రికను సొంతంగా చదవగలిగిన విద్యార్థికీ, ఆంగ్ల అనువాదం కోసం ఎదురుచూసే విద్యార్థికీ చాలా తేడా ఉంటుంది. సింగపూర్‌లోనే హెంగ్ ముయ్ కెంగ్ టెరస్‌లో ఉన్న యూసోఫ్ ఇషాక్ పరిశోధన సంస్థ 1968 నుంచీ ఈ ప్రాంతం మీదే పనిచేస్తోంది. దాని ప్రచురణలు వదలకండి.

మరో జవాబు: పై సలహాతో ఏకీభవిస్తాను, దేశం విషయంలో తప్ప. మయన్మార్ (ఒకప్పటి బర్మా) గురించి కూడా ఆలోచించమ్మా. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక ఆ బర్మా కూలీలను పంపేయడంతో అల్లర్లు చెలరేగి, మనవాళ్లు ఎందరో ప్రాణాలు కోల్పోయారు. వలస, పౌరసత్వం, జాతీయవాదం అన్నీ అక్కడ ముడిపడి ఉన్నాయి. ఈ చరిత్రను తెలుగు ఆధారాలతో రాయగలవారు మీ తరగతిలో మరొకరు ఉండకపోవచ్చు. పరిశోధనాంశం గురించి మొదటి సెమిస్టర్‌లోనే ప్రొఫెసర్‌తో మాట్లాడండి, ఆలస్యం చేయవద్దు.

అన్నట్టు, బూన్ లే స్టేషన్ నుంచి క్యాంపస్‌కు 179, 199 బస్సులు ఉన్నాయి.