మేడిపండు పొట్ట ‘విచ్చి’ చూడాలా, ‘విప్పి’ చూడాలా?

పద్యప్రియ: ఓవెన్‌లో కాల్చే అంజీరపళ్ల గురించి రాస్తుంటే వేమన పద్యం నోట్లో ఆడుతోంది. రెండో పాదం ‘పొట్ట విచ్చి చూడ’నా, ‘పొట్ట విప్పి చూడ’నా? రాస్తున్నది ఇదీ: తాజా పళ్లు 8. తొడిమ తీసి, పైనుంచి ప్లస్ ఆకారంలో మూడింట రెండు వంతుల లోతు గాటు పెట్టాలి. అడుగున రెండు వేళ్లతో నొక్కితే నాలుగు రేకులుగా తెరుచుకుంటుంది. ఒక్కో పండులో అర టీస్పూను వాల్‌నట్ పలుకులు, చిటికెడు దాల్చినచెక్క పొడి. పళ్లెం అడుగున 3 టేబుల్ స్పూన్ల కమలారసం. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 190 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. చక్కెర అక్కర్లేదు.

గణవిభజన: విచ్చి, విప్పి రెండూ గలమే (ఒక గురువు, ఒక లఘువు). యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం) పొ–పు మీద ఉంది కాబట్టి అదీ తేల్చదు. నాకు బాధ మొదటి పాదం గురించి. అందరూ ‘మేలిమై యుండు’ అని ఆపేస్తున్నారు. ఆటవెలదిలో బేసి పాదానికి 3 సూర్యగణాలు, 2 ఇంద్రగణాలు కదా. ‘యుండును’ అంటేనే చివరి ఇంద్రగణం, అంటే భగణం (గురువు, రెండు లఘువులు) అవుతుంది. ఆ ‘ను’ మింగేస్తే పాదం కుంటుతుంది.

కర్తకర్మ: మొదటి పాదం సరే, అడిగింది రెండోది. పువ్వు విచ్చుతుంది, మనం విప్పుతాం. పండు తనంతట తాను తెరుచుకోలేదు, కాబట్టి ‘విప్పి’.

పద్యప్రియ: మరి నెమలి పురి విచ్చి ఆడింది అనమా? అక్కడ కర్మ ఉందిగా.

కర్తకర్మ: పురి నెమలిదే. పండు పొట్ట చూసేవాడిది కాదండీ!

వనమూలిక: మీరు ‘విచ్చి’ దగ్గరే ఆగిపోయారు, ‘పురుగులు’ చూడండి. మేడి, అంజీర రెండూ ఫైకస్ ప్రజాతివే. పూలు కాయ లోపలే పూస్తాయి. మేడి లోపల కనిపించేవాటిలో చాలావరకు పరాగసంపర్కం చేసే చిన్న కందిరీగలు. అవి రాకపోతే విత్తనమే లేదు. వేమన చూపు ఎంత సూటిదో, పొట్టలోకే పోయింది! వంటకు అంజీర ఎంచేటప్పుడూ అదే పని చేయాలి. గాటు పెట్టగానే పుల్లటి వాసనొస్తే పులిసిందని, పారేయాలి. తొడిమ దగ్గర పాలు కారితే పచ్చిది. కోశాక ఇక తీపెక్కదు.

గణవిభజన: మూడో పాదం కూడా చూడండి, ‘బింకమీలాగురా’. రెండు రగణాలు (గురువు, లఘువు, గురువు) వరసగా పడి ఎంత బిగువుగా ఉందో. ‘బింకము ఈలాగు’ అని విడదీసి చదివేవాళ్లు ఆ బిగువంతా పోగొడతారు.

కర్తకర్మ: ‘విప్పి’ అన్నదాన్ని ఇంకా ఎవరూ కాదనలేదు. పద్యప్రియ గారూ, వంటకంలో ఒకటి చేర్చండి. గాటు అడుగుదాకా దిగితే నాలుగు ముక్కలూ పళ్లెంలో వాలిపోతాయి, పలుకులు బయటపడి మాడి చేదెక్కుతాయి. పలుకుల్ని లోపలికి నొక్కాలి. పళ్లను చిన్న పళ్లెంలో ఒకదానికొకటి ఆనించి నిలబెట్టాలి.

పద్యప్రియ: చేరుస్తాను. ‘విచ్చి’ మాత్రం వదలను. ఎండు అంజీరతో చేయవచ్చా?

వనమూలిక: చేయవచ్చు, కానీ ముందు వేడి నీళ్లలో 20 నిమిషాలు నానాలి. లేకపోతే ఓవెన్‌లో తోలులా సాగుతుంది. నానిన నీళ్లు పారబోయకుండా కమలారసంలో కలపండి, 160 డిగ్రీలు చాలు. తీపి ఎక్కువ కాబట్టి మనిషికి రెండు పళ్లు, పక్కన నీరు వడకట్టిన పెరుగు.