మెకానిక్స్‌లో ప్రోగ్రామ్‌కి మార్కులు వేయాలా?

డిగ్రీ లెక్చరర్:
ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఈసారి వీపైథాన్ (పైథాన్ భాషలో 3డీ బొమ్మలు కదిలించే సాధనం)తో క్రికెట్ బంతి విసిరించాను. గాలి లేకపోతే 45 డిగ్రీలకే ఎక్కువ దూరం పోతుందని అందరికీ కంఠతా వచ్చు. గాలి నిరోధం కలిపేసరికి ఎక్కువ దూరం పోయే కోణం అంతకంటే తగ్గింది, పిల్లలు నోరెళ్లబెట్టారు. తీరా రికార్డులు చూస్తే 40 మందిదీ ఒకటే ప్రోగ్రామ్, స్పెల్లింగ్ తప్పుతో సహా! దీనికి మార్కులెలా వేయను?

పాతకాలపు మాస్టారు:
వేయకండి. బలాల బొమ్మ (వస్తువు మీద పనిచేసే బలాలను బాణాలతో చూపేది) గీయడం రానివాడు పైథాన్‌తో ఏం చేస్తాడు? మా దగ్గర రెండు గంటల ల్యాబ్‌లో గంటన్నర లైను ముందు స్పేస్ తక్కువైతే వచ్చే ఎర్రర్లకే పోయింది. అది ఫిజిక్సా, టైపింగా? ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్ల సంగతి సరేసరి.

అమెరికాలో టీఏ (టీచింగ్ అసిస్టెంట్):
మాస్టారూ, స్పేసుల గొడవ నిజమే. అందుకే మేం ఖాళీ పేజీ ఇవ్వం. నడిచే ప్రోగ్రామే ఇచ్చి, బలం లెక్కగట్టే లైను తీసేస్తాం. ఇక్కడి జార్జియా టెక్ యూనివర్సిటీలో 1357 మంది 14 హోంవర్కులు చేశాక, కొత్త కేంద్రీయ బలం (ఎప్పుడూ ఒకే కేంద్రం దిశలో పనిచేసే బలం) లెక్క ఒకటి ఇచ్చి, పరీక్షలా కాపలా పెట్టి చేయించారు. 60.4 శాతం మంది సరిగ్గా చేశారు. 2012లో పేపర్ వచ్చింది. తప్పిన ప్రోగ్రాముల్లో ఎక్కువ వాటికి కారణం కొద్ది రకాల తప్పులే. అంటే నేర్పి దిద్దొచ్చు.

పాతకాలపు మాస్టారు:
14 హోంవర్కులయ్యాక కూడా 100కి 40 మంది తప్పారా? ఇది నా వాదనకే పనికొస్తుంది బాబూ.

ఫస్టియర్ విద్యార్థి:
ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కోచింగ్‌లో వీ ఈక్వల్స్ యూ ప్లస్ ఏటీ అనే వేగం సూత్రం వెయ్యిసార్లు వాడాను సార్. త్వరణం మారుతుంటే అది పనిచేయదని స్ప్రింగ్ ప్రోగ్రామ్ రాసినరోజే బుర్రకెక్కింది. కానీ మార్కులు పెడితే మాత్రం కాపీ కొడతాం, అబద్ధమెందుకు.

డిగ్రీ లెక్చరర్:
కాపీకి లొంగని ప్రశ్న ఒకటి తట్టింది. సూర్యుడి చుట్టూ భూమి తిరిగే ప్రోగ్రామ్‌ని కాగితం మీదే ఇస్తా. లూప్‌లో (మళ్లీ మళ్లీ నడిచే లైన్లలో) ముందు బలం లెక్క, తర్వాత స్థానం, చివర వేగం. స్థానం పాత వేగంతో మారుతోంది కాబట్టి కక్ష్య మూసుకోదు, బయటికి విచ్చుకుంటూ పోతుంది. "భూమి ఎందుకు దూరమవుతోంది? ఏ రెండు లైన్లు తారుమారు చేయాలి?" కంప్యూటర్ అక్కర్లేదు, 5 మార్కులు.

అమెరికాలో టీఏ:
టైమ్ స్టెప్ (లూప్ ఒక్కసారి తిరిగితే ముందుకు జరిగే సమయం) సగం చేస్తే ఏమవుతుందో కూడా అడగండి. విచ్చుకోవడం తగ్గుతుంది గానీ పోదు. అది చెప్పగలిగితే తప్పు గురుత్వాకర్షణది కాదు, మన లెక్క పద్ధతిదని తెలిసినట్టే.

పాతకాలపు మాస్టారు:
పెన్నుతో రాసేదైతే నాకు పేచీ లేదు. బలాల బొమ్మ మార్కులు మాత్రం కోసి ఇందులో కలపకండి. ఆ భూమి ప్రోగ్రామ్ ఇక్కడ పెట్టండి, ముందు మా సెకండియర్ వాళ్లకిచ్చి చూస్తా.